పిల్లలది ఎడమచేతి వాటమా? గోల్ఫ్ క్లబ్‌లు కొనే ముందు ఇంట్లోనే ఈ చిన్న టెస్ట్ చేయండి!

సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమచేత్తో.. బ్యాటింగ్ చేసింది మాత్రం కుడిచేతి వాటంతో. సౌరవ్ గంగూలీది సరిగ్గా దీనికి రివర్స్. రాత, బౌలింగ్ కుడిచేత్తో.. బ్యాటింగ్ ఎడమచేతి వాటం. అంటే పెన్ను పట్టే చేతిని చూసి బ్యాట్ ఎటు పట్టాలో చెప్పలేం. గోల్ఫ్‌లో కూడా అంతే. కానీ చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తడబడుతున్నారు. పిల్లాడు ఎడమచేత్తో రాస్తున్నాడని వెంటనే లెఫ్ట్ హ్యాండ్ సెట్ ఆర్డర్ పెట్టేవాళ్లు కొందరు.. షాపులో అది దొరకలేదని కుడిచేతి సెట్ అంటగట్టేవాళ్లు మరికొందరు. రెండూ తొందరపాటే. మరి ఏం చేయాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

ముందుగా ఒక మాట. గోల్ఫ్‌లో క్లబ్ అంటే మైదానమో, సంఘమో కాదు.. బంతిని కొట్టే కర్ర. క్రికెట్ బ్యాట్‌ను ఎవరైనా ఎటైనా తిప్పి ఆడొచ్చు. గోల్ఫ్ క్లబ్‌కు మాత్రం సాధారణంగా ఒకవైపే కొట్టే ముఖం ఉంటుంది. అందుకే కుడిచేతి క్లబ్‌తో ఎడమచేతి వాటంగా ఆడటం కుదరదు. తప్పు సెట్ కొంటే డబ్బులు పోవడమే కాదు.. బంతి సరిగ్గా తగలక ఆటంటేనే పిల్లలకు విసుగొస్తుంది.

ఇంట్లోనే చేసే టెస్ట్

రెండు వైపులా ఒకేలా ఉండే తేలికపాటి కర్ర తీసుకోండి. మడిచిన గొడుగైనా పర్లేదు. నేల మీద ప్లాస్టిక్ బంతి పెట్టి, 'దీన్ని దూరంగా కొట్టు నాన్నా' అని మాత్రమే చెప్పండి. ఎలా నిలబడాలో, ఏ చేయి పైన పెట్టాలో చెప్పొద్దు. మీరు కొట్టి చూపించొద్దు కూడా. ఎందుకంటే పిల్లలు ఎదురుగా నిలబడి మిమ్మల్ని అద్దంలో బొమ్మలా అనుకరిస్తారు. పది బంతులు కొట్టనివ్వండి. మూడు, నాలుగు రోజులు ఇదే రిపీట్ చేయండి. ఊపేటప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకోవడం మర్చిపోవద్దు.

కుడి భుజం లక్ష్యం వైపు ఉండి, కుడిచేయి పైన, ఎడమచేయి కింద పెట్టి కొడుతుంటే గోల్ఫ్‌లో అది ఎడమచేతి వాటం. ఎడమ భుజం ముందుంటే కుడిచేతి వాటం. రోజూ ఒకేవైపు వస్తుంటే డౌటే అక్కర్లేదు.. అదే వాళ్ల సహజమైన స్వింగ్. రెండువైపులా కొడుతుంటే తొందరపడి కొనొద్దు. కోచ్ దగ్గర రెండు రకాల క్లబ్‌లూ పట్టించి చూడండి.

స్టార్ ఆటగాళ్లు ఏం చెబుతున్నారు?

ఆరు మేజర్ టైటిళ్లు గెలిచిన ఫిల్ మికెల్సన్‌ను గోల్ఫ్ ప్రపంచం 'లెఫ్టీ' అని పిలుస్తుంది. కానీ గోల్ఫ్ తప్ప మిగతా పనులన్నీ ఆయన కుడిచేత్తోనే చేస్తాడు. చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి ఆయన స్వింగ్‌ను చూసినట్టే దించేశాడు.. అలా ఎడమచేతి ఆట అలవాటైంది. 2021లో 50 ఏళ్ల వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచి, మేజర్ నెగ్గిన అత్యంత పెద్ద వయస్కుడిగా నిలిచాడు. ఇక జోర్డాన్ స్పీత్ బంతి విసిరేది ఎడమచేత్తో.. గోల్ఫ్ ఆడేది కుడిచేతి వాటంతో. 2015లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచాడు.

కెనడాకు చెందిన మైక్ వీర్ కథ ఇంకా ఆసక్తికరం. ఎడమచేతి వాటంగా ఆడే వీర్‌కు 13 ఏళ్ల వయసులో, కుడిచేతి ఆటకు మారాలా అనే సందేహం వచ్చింది. నేరుగా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్‌కే లేఖ రాశాడు. సహజంగా వచ్చిన స్వింగ్‌నే కొనసాగించమని నిక్లాస్ జవాబిచ్చారు. ఆ కుర్రాడే 2003లో మాస్టర్స్ గెలిచాడు.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. ఎడమచేతి వాటంగా ఆడే దీక్షా డాగర్ 2019లో సౌతాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. వినికిడి లోపం ఉన్న ఈ హర్యానా అమ్మాయి ఒలింపిక్స్‌లోనూ భారత్ తరఫున ఆడింది.

సైజు విషయంలో జాగ్రత్త

జూనియర్ క్లబ్‌లు కొనేటప్పుడు వయసు కాదు, ఎత్తు చూడాలి. చెప్పులు లేకుండా నిలబెట్టి కొలవండి. కొన్ని కంపెనీలు ప్రతి 3 అంగుళాల ఎత్తుకు ఒక సైజు చొప్పున తయారుచేస్తున్నాయి. 'పెరిగే పిల్లాడే కదా' అని స్కూల్ యూనిఫాంలా రెండు సైజులు పెద్దది కొంటే ఇబ్బందే. పొడవాటి క్లబ్‌ను అదుపు చేయలేక పిల్లలు వంకరగా నిలబడటం నేర్చుకుంటారు. ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం.

పెద్దల క్లబ్‌ను కోసి పొట్టిగా చేయడం కూడా మంచిది కాదు. పొడవు తగ్గుతుంది కానీ తల బరువు అలాగే ఉంటుంది. కర్ర ఇంకా బిరుసుగా మారుతుంది. పట్టుకునే గ్రిప్ కూడా చిన్న చేతులకు లావైపోతుంది. స్టీల్ కంటే గ్రాఫైట్ షాఫ్ట్ తేలిక కాబట్టి చిన్నపిల్లలకు అదే బెటర్.

ఫుల్ సెట్ అవసరమా?

అస్సలు అక్కర్లేదు. రూల్స్ ప్రకారం ఒక ఆటగాడు గరిష్ఠంగా 14 క్లబ్‌లు తీసుకెళ్లొచ్చు. కానీ మొదలుపెట్టే పిల్లలకు నాలుగు చాలు. దూరం కొట్టడానికి ఒక ఫెయిర్‌వే వుడ్ లేదా హైబ్రిడ్, ఒక 7 ఐరన్, గ్రీన్‌కు దగ్గరగా కొట్టడానికి ఒక వెడ్జ్, చివర్లో బంతిని హోల్‌లోకి నెట్టడానికి ఒక పట్టర్. పిల్లలు ఎలాగూ త్వరగా సైజు మారిపోతారు. ఎడమచేతి క్లబ్‌లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువగా దొరుకుతాయి.. తిరిగి అమ్మాలన్నా కొనేవాళ్లు తక్కువే. కాబట్టి తక్కువతో మొదలుపెట్టడమే తెలివైన పని.

షాపులో, ఆన్‌లైన్‌లో ఇవి చెక్ చేయండి

క్లబ్‌ను మీ ముందు నేలకు ఆనించి చూడండి. బంతిని తాకే ముఖం మీ కుడివైపు ఉంటే అది ఎడమచేతి క్లబ్. ఎడమవైపు ఉంటే కుడిచేతిది. ఆన్‌లైన్‌లో ఫొటోను నమ్ముకోవద్దు. చాలాసార్లు కుడిచేతి క్లబ్ ఫొటోనే పెట్టేస్తారు. వివరాల్లో 'లెఫ్ట్ హ్యాండ్' అని ఉందో లేదో చదవండి.

గ్లవ్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఎడమచేతి వాటంగా ఆడేవాళ్లు గ్లవ్‌ను కుడిచేతికి వేసుకుంటారు. ప్యాకెట్ మీద 'లెఫ్ట్' అని ఉంటే చాలాసార్లు అది ఎడమచేతికి తొడిగే గ్లవ్.. అంటే కుడిచేతి ఆటగాళ్లది. ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

హైదరాబాద్‌లో గోల్కొండ, గచ్చిబౌలి.. విశాఖలో ఈస్ట్ పాయింట్ లాంటి చోట్ల గోల్ఫ్ కోర్సులు ఉన్నాయి. ఎక్కడికి తీసుకెళ్లినా, ఎడమచేతి జూనియర్ క్లబ్‌లు ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడగండి. కోచ్ కుడిచేతి వాటం అయితే ఎలా అనే భయం వద్దు. ఆయనకు ఎదురుగా నిలబడితే స్వింగ్ అద్దంలో చూసినట్టే కనిపిస్తుంది.

పుర్రచేయి అంటూ పలకా బలపం దగ్గర, కంచం దగ్గర పిల్లల చేయి మార్పించిన రోజులు మన ఇళ్లలో చాలామంది చూసినవే. సెట్ దొరకలేదనో, రేటు ఎక్కువనో అదే పని మైదానంలోనూ చేయొద్దు. అలాగని కుడిచేత్తో హాయిగా కొడుతున్న పిల్లాడిని, రాసేది ఎడమచేత్తో కదా అని బలవంతంగా అటు తిప్పొద్దు. ఏ వైపు ఆడాలో వాళ్ల స్వింగే చెబుతుంది.. అది తేలాకే షాపుకు వెళ్లండి.