నాటిన చేతులే నీళ్లు పోయాలి

నకరికల్లు: తొలకరి పడగానే బడి ఆవరణలోనో, రోడ్డు వారనో మొక్కలు నాటడం ఏటా జరిగే పనే. కేంద్ర మంత్రిగా కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవాన్ని ప్రారంభించిన నాటి నుంచి ఇది ఆనవాయితీగా వస్తోంది. అయితే నాటిన నాటి సందడి వేసవికి ఉండదు. పల్నాటి ఎండలకు కొన్ని మాడిపోతాయి. మేకల నోట పడి కొన్ని పోతాయి. మరుసటి ఏడు అదే గుంటలో మరో మొక్క!

ఈ తంతు వేరు, చెట్టు పెంచడం వేరు అని చేసి చూపిన వ్యక్తి ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వాసి దరిపల్లి రామయ్య. వేసవిలో గింజలు ఏరి దాచుకొని, వానలు పడగానే జేబుల నిండా నింపుకొని సైకిలుపై బయలుదేరేవారు. ఖాళీ స్థలం కనిపిస్తే చాలు, విత్తనం పడవలసిందే. మొదట తమ ఊరి కాలువ గట్ల వెంట నాటారు. విత్తనాలు, మొక్కలు కొనడానికి మూడెకరాల పొలం సైతం అమ్ముకున్నారు. భార్య జానమ్మ ఆయనకు తోడుగా నిలిచారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు పొందిన ఈ 'వనజీవి'కి 2017లో పద్మశ్రీ లభించింది. 2025 ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశారు. చెట్లు మాత్రం నీడనిస్తూనే ఉన్నాయి.

అందరూ రామయ్యలు కాలేరనుకుంటే, ఊళ్లే కలిసి చేసిన పని మరొకటి ఉంది. ఒకప్పటి అనంతపురం జిల్లాలో, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలోని బోడి గుట్టలను 1990 దశకంలో కొన్ని గ్రామాలవారు టింబక్టు కలెక్టివ్ సంస్థ తోడ్పాటుతో కాపాడడం మొదలుపెట్టారు. మంటలు పాకకుండా చూశారు. గొడ్డలి వేటు పడకుండా కాపలా కాశారు. ఈతచెట్లు, గడ్డి తిరిగి మొలిచాయి. అదే నేటి కల్పవల్లి అడవి. నాటడం కంటే కాపాడడమే అక్కడ పెద్ద పని అయింది.

మన మండలంలోనూ సాగర్ కుడి కాలువ ఉంది. అధికారుల అనుమతితో గట్ల వెంట వేప, కానుగ పెంచవచ్చు. బడుల వద్ద, ఊరుమ్మడి స్థలాల్లో నేరేడు, ఉసిరి, సీతాఫలం, చింత వేసుకోవచ్చు. యువకులు తలా పది మొక్కల బాధ్యత తీసుకొని, చుట్టూ ముళ్లకంప కట్టాలి. మొదలు పక్కన చిల్లికుండ పాతి అందులో నీళ్లు పోస్తే తక్కువ నీటితోనే వేరు తడుస్తుంది. ఈ విధంగా రెండు, మూడు వేసవులు గట్టెక్కిస్తే చాలు. కాపు వచ్చాక కాయలు ఎవరికి చెందాలో ముందే గ్రామసభలో తేల్చుకుంటే తగాదా ఉండదు.

శిబి చక్రవర్తి కథతో ముడిపడిన చేజర్ల కపోతేశ్వరాలయం మన మండలంలోనే ఉంది. పావురం కోసం ఆయన తన ఒంటి కండనే కోసి ఇచ్చాడంటారు. మొక్క మనల్ని అడిగేది చెంబెడు నీళ్లే.