‘ఉత్త ఎంబీబీఎస్సేనా?’

‘మీ అమ్మాయి డాక్టరా? ఏ స్పెషలిస్టు?’ పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఈ ప్రశ్న వినని డాక్టరు తల్లి ఉండదేమో! ఎంబీబీఎస్ అని చెబితే, ‘ఉత్త ఎంబీబీఎస్సేనా?’ అని వెంటనే ఓ నిట్టూర్పు. మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పే నాకు, ఆ ‘ఉత్త’ అన్న మాట పిల్లల మనసుల్లో ఎంత పని చేస్తుందో బాగా తెలుసు.

జ్వరం, బీపీ, షుగరు, గర్భిణికి పరీక్షలు, పసివాళ్లకి టీకాలు... ఇంటిల్లిపాదికీ మొదట అందాల్సిన వైద్యమిది. 1946లో భోర్ కమిటీ, 1978లో ఆల్మా ఆటా ప్రకటన ఈ ప్రాథమిక వైద్యానికే పెద్దపీట వేశాయి. మరి దీని గురించి రేపటి డాక్టర్లు ఏమనుకుంటున్నారు?

తెలుసుకోవడానికో పద్ధతి ఉంది. ‘పీహెచ్‌సీలో పనిచేయడం నాకిష్టమే’, ‘తెలివైనవాళ్లు జనరల్ ప్రాక్టీసుకి రారు’ లాంటి వాక్యాలిచ్చి, ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ నుంచి ‘అస్సలు ఒప్పుకోను’ దాకా అయిదింటిలో ఒకదానికి టిక్కు పెట్టమంటాం. 1932లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ చూపిన కొలబద్ద ఇది.

చూడ్డానికి తేలికే, తిరకాసంతా అడగడంలోనే ఉంది! పాఠం చెప్పేవాళ్లే ఎదురుగా నిలబడితే, మెప్పుకోసం ‘పల్లెసేవే నా ధ్యేయం’ అంటారు. అందుకే పేరు రాయించకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి, హౌస్‌సర్జన్సీ అయ్యాక మరోసారి అడగాలి. పేరు బదులు వాళ్లకి మాత్రమే తెలిసిన ఓ గుర్తు వేయిస్తే, రెండు కాగితాలూ జతచేసి మార్పు చూడొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం... గౌరవం వేరు, ఎంపిక వేరు. ‘గొప్ప పనే మేడమ్, కానీ నేను రేడియాలజీకే వెళ్తా’ అనే పిల్లలు ఎందరో! కాబట్టి రెండూ విడివిడిగా అడగాలి. ఎందుకో కూడా అడగాలి. జీతమా? రాత్రి డ్యూటీలా? ఆడపిల్లకైతే భద్రతా? అత్తవారి మాటా? ఇవేవీ అడక్కుండా ‘ఈ కాలం పిల్లలకి సేవాభావం లేదు’ అనేస్తే ఎలా? క్వార్టర్సు తలుపుకి గడియ లేకపోతే, కావాల్సింది ఉపన్యాసం కాదు, గడియ!

2021-22 బ్యాచ్ నుంచి మెడికోలు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూడాలన్న నియమం వచ్చింది. దానివల్ల మనసు మారుతోందో లేదో తేలాలన్నా ఇలా ముందూ వెనకా కొలవాల్సిందే.

ఇంకో సంగతి. ఫ్యామిలీ మెడిసిన్ కూడా స్పెషాలిటీయే. డీఎన్‌బీ చేయొచ్చు. ఇది తెలియని తల్లిదండ్రులే ఎక్కువ. మీ ఇంట్లో మెడికో ఉంటే, ఏ సీటు వస్తుందని కాకుండా ఏ పని ఇష్టమని ఓసారి అడిగి చూడండి. జవాబు చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి!