మీకు తెలుసా? కల్లంలో లేని పన్ను, కారం మిల్లులో

పశువుల మేతపై పుల్లరిని ఎదిరించి 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చిన పల్నాడులో, నేటి మిర్చి రైతు పంట రాబడిపై ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. కాయలు కల్లంలో ఎండబెట్టి అమ్మినా అది వ్యవసాయ ఆదాయమే.

అవే కాయలను సొంత మిల్లులో కారం పట్టి అమ్మితే? కాయల మార్కెట్ విలువ, మిల్లు ఖర్చులు తీసేయగా మిగిలింది వ్యాపార లాభం. దానికి పన్ను లెక్క ఉంటుంది.

మరో మెలిక. ఆ లాభం పన్ను పరిమితి దాటితే, పొలం రాబడినీ కలిపి శ్లాబు తేలుస్తారు. 1972లో కె.ఎన్.రాజ్ కమిటీ సూచించిన పద్ధతి ఇది. పంటపై పన్ను పడదు. మిల్లు లాభంపై మాత్రం రేటు పెరగవచ్చు. నరసరావుపేటలోనో, మాచర్లలోనో మిల్లు పెట్టే సాహసం చేసిన రైతుకు ఇది చిన్న భారం కాదు.