మల్లె తైలము

మన ఇండ్లలో మల్లెనూనె, జాజినూనె అను పేర్లు వినని వారుండరు. అయితే ఆ నూనె పూవునుండియే వచ్చునా? మల్లె రేకును ఎంత పిండినను తైలబిందువు రాలదు. కాచినచో సున్నితమైన పరిమళము చెడును. మరి మన పూర్వు లేమి చేసిరి? ఆ పరిమళమును నువ్వులకు పట్టించిరి.

మల్లెకును, జాజికిని ఒక విశేషము కలదు. కోసిన పిమ్మట గూడ అవి కొన్ని గంటలపాటు సౌరభమును వెలువరించుచునే యుండును. నూనెగింజకు ఆ సౌరభమును పట్టి నిలుపుకొను గుణము కలదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూరు, గాజీపూరు, కన్నౌజు పట్టణములు ప్రసిద్ధిగాంచిన చమేలీ తైలమునకు ఇదియే మూలము. చమేలీ యనగా మన జాజియే. పొట్టు తీసిన నువ్వులను పలుచగా పరచి, వానిపై అప్పుడే కోసిన పూలు పరచుదురు. మరల నువ్వులు, మరల పూలు. వాడిన పూలను జల్లించి తీసివేసి క్రొత్తవి వేయుదురు. ఇట్లు అనేక పర్యాయములు వాసన పట్టించిన పిమ్మట ఆ నువ్వులను గానుగ ఆడింతురు. 12వ శతాబ్దములో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన ‘మానసోల్లాసము’న, రాజుల అభ్యంగనమునకు పూల వాసన పట్టించిన నువ్వుల నూనె చెప్పబడినది.

ఈ నువ్వులే తత్త్వవేత్తలకు ఉపమానమైనవి. అనుభవము మనస్సున విడిచిపోవు సంస్కారమునకు శాస్త్రములలో ‘వాసన’ యని పేరు. పూవు నశించినను దాని పరిమళము నువ్వులో నిలిచినట్లే, కర్మ ముగిసినను దాని వాసన నిలుచునని బౌద్ధాచార్యుడైన అసంగుడు వివరించెను. ‘పూర్వజన్మ వాసన’ యని మనము పలుకునది ఆ పదమునే.

ఉత్తర భారతమున మంగళ, శనివారములందు సిందూరమును చమేలీ తైలములో కలిపి ఆంజనేయ విగ్రహమునకు పూయుదురు. సీతమ్మ పాపటి సిందూరము శ్రీరాముని ఆయుర్వృద్ధికని విని, హనుమంతుడు ఒడలెల్ల పూసికొనెనని జనశ్రుతి. ఆయుర్వేదమున వ్రణములకు వాడు ‘జాత్యాది తైలము’ వేరు. అందు చేరునది జాజిపూవు కాదు, జాజి ఆకు. పేరు విని దానిని తలనూనె యని భ్రమపడరాదు.

నేడు అంగళ్లలో మల్లెనూనె పేర దొరకు సీసాలలో పెక్కింట ఉన్నది ఖనిజతైలము, కృత్రిమ పరిమళము. దేవునికి సమర్పించుటకైనను, బిడ్డ తలకు రాచుటకైనను కొనునపుడు, సీసాపై ముద్రించిన దినుసులను చదువుట మంచిది. నువ్వుల నూనె యని యున్నదా, మినరల్ ఆయిల్ అని యున్నదా చూడవలెను.

రానున్న వేసవిలో ఒక చిన్న పరీక్ష చేయుడు. పళ్లెములో పొట్టు తీసిన నువ్వులు పోసి, సాయంకాలము తడిలేని మల్లెమొగ్గలు చల్లి మూత వేయుడు. ఉదయమున పూలు తీసివేసి, నువ్వుల వాసన చూడుడు. పూలు వాడియుండును, వాని పరిమళము మాత్రము నువ్వులలో మిగిలియుండును.