బోర్లకూ తైబందీ కావాలి

జనగామ జిల్లా బచ్చన్నపేట మండలంలో ఏడాది పొడవునా పారే నది లేదు. నైరుతి వానలు ముఖం చాటేస్తే ముందు కుంటలు, చెరువులు ఎండుతాయి. తర్వాత బావులు అడుగంటుతాయి. చివరికి బోర్లు కూడా ఆగి ఆగి పోస్తాయి.

అసలు చిక్కు నేలలోనే ఉంది. పైన చెల్క, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు బండ. నీళ్లు ఎక్కువగా నిలిచేది మొరంలోనే. బండలో నీళ్లుండాలంటే పగుళ్లుండాలి, లోతుకు పోయేకొద్దీ అవి తగ్గిపోతాయి. ఇలాంటి మొరం తన పరిమాణంలో ఇచ్చే నీళ్లు ఇంచుమించు 2 శాతమే. అంటే మీటరు మందాన తడిసిన మొరాన్ని పూర్తిగా తోడినా పొలంలో 2 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లే నిలుస్తాయి. వరికి నాటు నుంచి కోత దాకా ఇంచుమించు 120 సెంటీమీటర్లు కావాలి. అందులో కొంత మళ్లీ భూమిలోకే ఇంకుతుంది, అయినా లోటు లోటే. పక్క చేనులో 400 అడుగులకు పడలేదని 600 అడుగులకు దించితే నీళ్లు పడతాయన్న భరోసా లేదు. మీద పడే అప్పు మాత్రం ఖాయం.

ఈ నేలకు తగిన ఏర్పాటు గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలంలో ఇవి ఈ ప్రాంతమంతా విస్తరించాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. చెరువు నిండితే తూము కింది మడులే కాదు, చుట్టుపక్కల బావులూ ఊరుతాయి. కాలక్రమంలో పూడిక పేరుకుంది, శిఖం భూములు ఆక్రమణకు గురయ్యాయి, కట్టల మీద సర్కారు తుమ్మ మొలిచింది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లతో చెల్కలకు తోలుకున్నారు. తేమ నిలవని ఎర్రనేలకు అది నిజమైన బలం. అయితే చెరువులోకి నీళ్లు తెచ్చే ఒర్రెలు, కాలువలు మూసుకుపోతే ఎంత పూడిక తీసినా చెరువు నిండదు. వాటిని తెరిచే పనికి దక్కాల్సినంత శ్రద్ధ దక్కలేదు.

దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లను గంగారం దగ్గర ఎత్తి ఈ మెట్ట ప్రాంతానికి తెస్తుంది. తపాస్‌పల్లి రిజర్వాయర్ నుంచి వచ్చే నీళ్లతో చెరువులు నింపడం బచ్చన్నపేటకు పెద్ద ఊరట. కానీ అంత కరెంటు ఖర్చుతో ఎత్తిన నీళ్లను కూడా పొదుపుగానే వాడాలి.

వాడకానికి పూర్వం ఒక కట్టుబాటు ఉండేది. వానకాలం ముగిశాక చెరువులో ఉన్న నీళ్లను చూసి, యాసంగికి ఎంత ఆయకట్టు పారించాలో తైబందీ ద్వారా నిర్ణయించేవారు. చెరువు నీళ్లు పంచే నీరటి ఆ ప్రకారమే తూము తీసేవాడు. బోర్లకు అలాంటి హద్దేమీ లేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఆటో స్టార్టర్లున్న చోట మోటార్లు రాత్రంతా నడిచాయి. ఆ స్టార్టర్లను తీసేయాలని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. యాసంగిలో వరి తగ్గించి మక్క, పెసర, వేరుశనగ వంటి ఆరుతడి పంటలు వేస్తే, కూరగాయలకు డ్రిప్ పెడితే అదే బోరు ఎక్కువ భూమిని తడుపుతుంది. తాగునీటికి చట్టం అండ కూడా ఉంది. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడాన్ని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిషేధిస్తుంది. దీని అమలుకు పట్టుబట్టడం, ఊరి బోర్లలో నీటిమట్టం కొలిచి యాసంగి విస్తీర్ణాన్ని గ్రామసభలో తేల్చుకోవడం పంచాయతీ చేతిలో ఉన్న పనులే.