విరమణ ధనము – దాని నిజమైన వెల

ముప్పది యేండ్లు నెలజీతముపై సంసారము నీడ్చిన యుద్యోగికి, పదవీ విరమణ సమయమున ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము ఒక్కుమ్మడిగా చేతికందినపుడు, లంకెబిందెలు దొరికినట్లు తోచుట సహజమే గాని, నిజమునకది రాబోవు పాతికేండ్ల జీతము ముందుగా చెల్లింపబడుటయే. కమ్యుటేషను విషయమున నిది స్పష్టముగా గోచరించును: కేంద్ర ప్రభుత్వోద్యోగి తన పింఛనులో నూటికి 40 వంతులవఱకు వదలుకొని రొక్కము పుచ్చుకొనవచ్చును గాని, ఆ తగ్గిన భాగము మరల పింఛనులో చేరుటకు 15 ఏండ్లు వేచియుండవలెను. కూతురి పెండ్లికో, కొడుకు ఇంటికో ఆ రొక్కమును వెచ్చించువారిని తప్పుపట్టలేము. అయితే అది తమ డెబ్బదవయేటి బత్తెమని యెఱిగి వెచ్చించువారు అరుదు.

ఇక వడ్డీ సంగతి. అరువది యేండ్లు నిండినవారికై 2004లో ఏర్పడిన వయోవృద్ధుల పొదుపు పథకమున 2023 ఏప్రిలు మొదలు 30 లక్షలవఱకు దాచుకొనుటకు వీలు కలిగినది. అప్పుడు నిర్ణయించిన 8.2 శాతము చొప్పున ఏటికి 2,46,000 రూపాయలు, అనగా మూడు నెలల కొకమారు 61,500 రూపాయలు చేతికి వచ్చును. ఇదంతయు ఆదాయమే యని తలంచుట పొరపాటు. ధరలు ఏటికి ఆఱు శాతము పెరుగుచున్నవనుకొన్నచో, అసలు యొక్క కొనుగోలుశక్తి తరుగకుండుటకే 1,80,000 మరల అసలులో కలుపవలసియుండును; పన్ను మాట యటుంచి, నిర్భయముగా తినదగినది 66,000 మాత్రమే. కలుపనివాని అసలు పండ్రెండేండ్లకు అంకెలలో చెక్కుచెదరకయే సగము విలువకు దిగిపోవును. వారసులకు మిగుల్చవలసిన యగత్యము లేనివారు అసలును కొంచెము కొంచెముగా తినుట దోషమేమియు కాదని నా యభిప్రాయము. తెలియక తినుటయే ప్రమాదకరము.

అధిక వడ్డీ యాశచూపు చీటీలవారికి లేని రక్షణ యొకటి బ్యాంకులకు కలదు: 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారునకు అసలు వడ్డీలు కలిపి 5 లక్షలవఱకు డిపాజిట్ బీమా వర్తించుచున్నది. అందుచేత సొమ్మంతయు ఒకేచోట కుప్పవోయుట మంచిది కాదు.

ఈ లెక్కలన్నిటిలో సాధారణముగా మఱచిపోబడునది ఇల్లాలు. భర్త గతించిన పిమ్మట, చివరి వేతనములో సగముగా వచ్చుచుండిన పింఛను, తొలి సంవత్సరములు గడచినచో, కుటుంబ పింఛనుగా నూటికి 30 వంతులకు దిగును. ఇంటి ఖర్చు మాత్రము ఆ పాళమున తగ్గదు. బ్యాంకు ఖాతాలో ఆమె పేరు నామినీగా వ్రాసినంతమాత్రాన సొమ్మంతయు ఆమెదే కాదు. నామినీ పుచ్చుకొనుటకు మాత్రమే యధికారి గాని వారసత్వము వేఱని సుప్రీంకోర్టు 2010లో తేల్చినది. కనుక వీలునామా వ్రాయవలయును. దానికి స్టాంపు కాగితముగాని, రిజిస్ట్రేషనుగాని చట్టరీత్యా అనివార్యములు కావు. వ్రాసినవాని సంతకమును, ఇరువురు సాక్షుల సంతకములును చాలును.