క్రియాటినిన్ గీత

ఒక రోగి ఏడాదికోసారి చేయించుకున్న సీరం క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టే వ్యర్థం) వరుసగా 2, 2.5, 3.3, 5, 10 అనుకుందాం. ఇలాంటి ఫైలుతో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే ఇంటివాళ్లు "మొన్నటిదాక మంచిగనే ఉండె సారూ, ఒక్కసారిగ పెరిగింది" అంటారు. కానీ ఆ కిడ్నీలు ఒక్కసారిగా పాడవలేదు. 1ని ఒక్కో అంకెతో భాగించి చూడండి: 0.5, 0.4, 0.3, 0.2, 0.1. ఏటా ఒకే కొలతలో దిగుతూనే వచ్చాయి.

ఈ లెక్కను 1976లో విలియం మిచ్, మెకెంజీ వాల్సర్ బృందం లాన్సెట్ పత్రికలో చూపించింది. ఇలా తిరగేసిన అంకెలతో గ్రాఫు గీస్తే చాలామంది రోగులకు దాదాపు తిన్నని గీత వచ్చింది. దాన్ని ముందుకు పొడిగిస్తే డయాలసిస్ ఎప్పటికి అవసరపడుతుందో అంచనా దొరుకుతుంది. కొత్త రిపోర్టు రాగానే పాతవి పారేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రిపోర్టులోని క్రియాటినిన్ అంకె పుట్టింది రంగులోంచి. క్షారం కలిపిన పిక్రిక్ ఆమ్లంలో క్రియాటినిన్ పడితే పసుపు ద్రావణం నారింజ ఎరుపుకు తిరుగుతుందని 1886లో మాక్స్ యాఫె గమనించారు. 1904లో ఆటో ఫోలిన్ దాన్ని కొలతగా మలిచారు. ఆయన కలరీమీటరులో ఒక పక్క మూత్రంతో చేసిన ద్రావణం, ఇంకో పక్క పొటాషియం డైక్రోమేట్. రెండు రంగులూ కంటికి ఒకటిగా కనిపించేదాకా మరను తిప్పి, లోతు ఎంతో చదువుకునేవారు. తర్వాత హార్వర్డ్‌లో ఆ ఫోలిన్ విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే రంగు పరీక్షను, 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి అందించారు. మన ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేది క్రియాటిన్ నుంచి, ఈ ఫాస్ఫోక్రియాటిన్ నుంచే.

కండ తక్కువైతే క్రియాటినిన్ కూడా తక్కువే. బక్కపలచని ముసలమ్మ రిపోర్టు బాగానే కనిపించినా కిడ్నీలు సగం పోయి ఉండొచ్చు. అందుకే వయసు, ఆడా మగా అన్నవి కలిపి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం అంచనా, కడతారు. అది ఏటా 5కు మించి పడిపోతుంటే జబ్బు వేగంగా ముదురుతున్నట్టే. యాఫె పద్ధతిలో ప్రోటీన్లు, కీటోన్లు కూడా కాస్త రంగు తెస్తాయి కాబట్టి ఒకసారి హనుమకొండలో, ఇంకోసారి వేరే ఊళ్లో, వేరే పద్ధతిలో చేయిస్తే గీత నమ్మకంగా రాదు. పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించడం మేలు.

గీత వాలు మారుతుంది కూడా. అదేపనిగా మింగే నొప్పి గోలీలు దాన్ని కిందికి లాగుతాయి. కొన్ని బీపీ మందులు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు మొదట్లో క్రియాటినిన్‌ను కొద్దిగా పెంచినా, ఆ తర్వాత కిడ్నీల అరుగుదలను నెమ్మదింపజేస్తాయి. ఆ మొదటి రిపోర్టుకే బెదిరి, డాక్టరును అడగకుండా మందు మానేస్తే నష్టం రోగికే.

2011లో నవదీప్ తంగ్రి బృందం ఈజీఎఫ్ఆర్‌కు వయసు, ఆడా మగా, మూత్రంలో ఆల్బుమిన్ జోడించి, కిడ్నీలు ఆగిపోయే అవకాశాన్ని శాతాల్లో చెప్పే సూత్రం తెచ్చింది. ఆ ముందుచూపుతో చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపే ఆపరేషన్) ముందే వేయించుకోవచ్చు. అది డయాలసిస్ సూదికి తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కిడ్నీ ఇచ్చేదెవరో ఇంట్లో మాట్లాడుకోవడానికీ వ్యవధి దొరుకుతుంది.